గోడ కనిపించని ఫొటోలు

బెర్లిన్ గోడ అనగానే మనకు ముళ్లకంచెలు, కాపలా బురుజులు, 1989 నవంబరులో గోడెక్కి కేరింతలు కొట్టిన జనం గుర్తొస్తారు. కానీ చీలిన నగరంలో మనుషులు ఎలా బతికారో చెప్పేవి గోడ ఊసే లేని వీధి ఫొటోలు. ఫొటోగ్రాఫర్ ఆర్నో ఫిషర్ 1950లలో రెండు వైపులా తిరిగి సామాన్యుల్ని నలుపు తెలుపుల్లో తీశారు. ఆ ఫొటోలతో ‘సిట్యువేషన్ బెర్లిన్’ పుస్తకం రావాల్సింది. 1961 ఆగస్టు 13న సరిహద్దు మూతపడటంతో అది ఆగిపోయింది. నినాదమేదీ లేని ఫొటోలకే చోటు లేకుండా పోయిందంటే, రోజువారీ బతుకులో ఎంత నిజం ఉందో ఊహించవచ్చు.

మామూలు జీవితాన్ని చూపిస్తే అణచివేత మరుగున పడదా అని కొందరి అభ్యంతరం. నలుపు తెలుపులు పేదరికానికి అందం అద్దుతాయన్నది మరొకటి. రెండింటికీ ఫొటోగ్రాఫర్ హెల్గా పారిస్ చిత్రాలే జవాబు. తూర్పు బెర్లిన్ బట్టల ఫ్యాక్టరీలో 1984లో ఆమె తీసిన మహిళలు పని దుస్తుల్లోనే నిలబడి సూటిగా కెమెరాలోకి చూస్తారు. రంగులు లేకపోవడంతో మన చూపు నేరుగా కళ్ల మీదే ఆగుతుంది. ప్రచార పోస్టర్లలోని నవ్వుల శ్రామికులు కారు వీళ్లు. అలసట, అభిమానం ఒకే ముఖంలో కనిపిస్తాయి. అణచివేతను కొలవాలంటే ముందు అది ఎవరి మీద పడిందో తెలియాలి. గోడ నగరాన్ని చీల్చింది. ఈ ఫొటోలు ఆ నగరపు మనిషిని నిలబెట్టాయి.