పట్టు వేఱు, లాగుడు వేఱు



ఉప్పుగల్లును నీటిలో వేసినచో కరగిపోవును. నూనెలో వేసినచో కరగదు. ఈ భేదమునకు మూలము పరమాణువుల గుణములలో నున్నది. అట్టి గుణములలో అయనీకరణశక్తి యొకటి, ఋణవిద్యుదాత్మకత మఱియొకటి. పలువురు వీనిని ఒక్కటిగా నెంచుదురు. ఇవి చుట్టములే కాని, ఒక్కటి కావు.

ప్రతి పరమాణువునందును నడుమ కేంద్రకమును, దానిచుట్టును ఎలక్ట్రానులను ఋణవిద్యుత్కణములును కలవు. వాయురూపమున ఒంటరిగా నున్న పరమాణువునుండి ఒక ఎలక్ట్రానును ఊడదీయుటకు కావలసిన శక్తియే అయనీకరణశక్తి. బాటసారి మొలను ముడివేసికొన్న రూకను లాగికొనుటకు ఎంత బలము కావలయునను ప్రశ్నవంటి దిది. దీనిని నేరుగా కొలువవచ్చును.

ఋణవిద్యుదాత్మకత యన్ననో, ఒంటరితనమున తెలియునది కాదు. రెండు పరమాణువులు కూడి ఎలక్ట్రానుల జంటను ఉమ్మడిగా నుంచుకొన్నప్పుడు, ఆ జంటను తనవైపునకు లాగికొను స్వభావమే యది. ఇద్దరు రైతులు పొత్తున త్రవ్వించిన బావినీటిని ఎవడు తన చేనికి ఎక్కువగా మరల్చుకొనునో చూచుటవంటిది. దీనికి 1932లో అమెరికా శాస్త్రజ్ఞుడు లైనస్ పౌలింగు ఒక కొలమానము నేర్పఱచెను. ఇది శక్తి కాదు. పోల్చి చెప్పు అంకె మాత్రమే.

సాధారణముగా ఈ రెండును కలసియే హెచ్చును. సోడియమునకు రెండును తక్కువ. క్లోరినునకు రెండును ఎక్కువ. భ్రాంతికి కారణ మిదియే. నీటిని విచారించినచో భేదము తేటపడును. నీటిలో ఉదజని యనబడు హైడ్రోజనును, ఆమ్లజని యనబడు ఆక్సిజనును కలవు. ఉదజని అయనీకరణశక్తి 13.60 ఎలక్ట్రాను వోల్టులు, ఆమ్లజనిది 13.62. ఇంతమాత్రమే చూచినవాడు ఈ రెండును సరిసమానముగా లాగుననుకొనును. కాని పౌలింగు అంకె ఉదజనికి 2.20, ఆమ్లజనికి 3.44. కావున ఎలక్ట్రానులు ఆమ్లజనివైపు మొగ్గును. అచ్చట కొంత ఋణమును, ఉదజనివైపు కొంత ధనమును ఏర్పడును. ఉప్పులోని విద్యుత్కణములను నీరు విడదీసి కరగించుకొనుట ఇందువలననే. నూనెలో అధికభాగము కర్బనమును ఉదజనియు. వాని అంకెలు 2.55, 2.20. చేరువ గనుక మొగ్గు స్వల్పము. అందుచే ఉప్పు కరగదు.

ఇక హీలియమును చూడుడు. దాని అయనీకరణశక్తి 24.59, మూలకము లన్నిటిలో నిదియే గరిష్ఠము. అయినను అది సాధారణముగా దేనితోను పొత్తు కలియదు గనుక పౌలింగు పట్టికలో దానికి అంకెయే లేదు. తన సొమ్మును విడువనివాడెల్ల పొత్తులో పెత్తనము చేయువాడు కాడు గదా! ఒంటరి పరమాణువును గూర్చిన మాట యైనచో అయనీకరణశక్తి. జతను గూర్చినదైనచో ఋణవిద్యుదాత్మకత. ఈ యెఱుక యున్నచో తడబాటుండదు.