ఆఫీసుకు సైకిలు, సైకిలుకు సంచి

సైకిలు మీద ఆఫీసుకు వెళ్ళాలనుకున్నవాళ్ళు బ్యాగు కొనేటప్పుడు అరలూ జిప్పులూ లెక్కపెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఆ బ్యాగును మోసేది మన వీపా, సైకిలా అన్నది.

తొక్కేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో పెడళ్ళకు చేరేది సుమారు నాలుగో వంతు. మిగతాదంతా వేడే. పెడళ్ళ మీద 75 వాట్ల పని జరుగుతుంటే ఒంట్లో దాదాపు 225 వాట్ల వేడి పుడుతూ ఉంటుంది. ఎండాకాలంలో దాన్ని వదిలించుకోవడానికి ఒంటికున్న ముఖ్యమైన దారి చెమట. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 2,400 జౌళ్ల వేడి పోతుంది. అయితే అది ఆవిరి కావాలి. ఊరికే కారిపోతే ఫలితం లేదు. వీపుకు అంటుకున్న బ్యాగు గాలిని ఆపేస్తుంది కాబట్టి అక్కడ పట్టిన చెమట చొక్కాను తడుపుతుందే గానీ ఒంటిని చల్లబరచదు. అసలే గాలిలో తేమ నిండిన విజయవాడ, విశాఖల్లో ఇది మరీ కష్టం. వీపు వైపు జాలీ ఉన్న బ్యాగులు కొంత నయం, అంతే.

బరువుకు మాత్రం అంత భయపడనక్కర్లేదు. 5 కిలోల బ్యాగును 10 మీటర్ల ఎత్తు ఫ్లైఓవర్ ఎక్కించడానికి 490 జౌళ్ల పని చాలు. అందుకోసం ఒంట్లో పుట్టే అదనపు వేడి ఒక్క గ్రాము చెమటతో పోతుంది. కానీ అవే 5 కిలోలు భుజాలకు వేలాడితే నడుం మీద, సీటు మీద భారం పెరుగుతుంది. వంగి తొక్కే సైకిలైతే అరచేతులు కూడా నొప్పెడతాయి.

అందుకే నా ఓటు క్యారియర్ పక్కన తగిలించే ప్యానియర్‌కి. పాలవాళ్ళు క్యాన్లు కట్టుకున్నట్టే బరువు కిందుగా, కదలకుండా ఉంటుంది. కొనేముందు సైకిలుకు తగిలించి, పెడలు వెనక్కి తిప్పి మడమ తగులుతుందేమో చూడండి. తగులుతోందని బ్యాగును మరీ వెనక్కి జరిపితే, ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోయినట్టవుతుంది. గేర్ల సైకిళ్ళలో చాలావాటికి క్యారియర్ రాదు. బిగించుకోవడానికి ఫ్రేముకు మరరంధ్రాలు ఉన్నాయో లేదో దుకాణంలోనే అడగాలి.

ఇక వాన. బట్ట నీటిని ఆపినా, కుట్లలో సూది చేసిన ప్రతి రంధ్రమూ నీటికి దారే. ఇంగ్లండులో సైకిలు యాత్ర చేస్తూ వానకు తడిసిన హార్ట్‌ముట్ ఆర్ట్‌లీబ్ అనే జర్మన్, లారీల టార్పాలిన్ చూసి అదే గుడ్డతో సంచులు కుట్టి 1982లో కంపెనీ పెట్టాడు. తరవాత కుట్లు పోయి, అంచులను వేడితో అతికించే పద్ధతి వచ్చింది. మూతికి జిప్పు లేకుండా, మూడు నాలుగు మడతలు చుట్టి బిగించే సంచులు ఈ రకమే. ల్యాప్‌టాప్ మోసేవాళ్ళకు నేను చెప్పేది ఇదే.

మామూలు నైలాన్ బ్యాగుల లోపలి పూత తరచుగా పాలీయురిథేన్. గాలిలోని తేమే దాన్ని నెమ్మదిగా విడగొడుతుంది. అటక మీద మూటగట్టి ఉంచిన బ్యాగు లోపల జిగటగా మారి, పొరలు ఊడిరావడానికి కారణం అదే. తడిసిన ప్రతిసారీ మూతి తెరిచి, నీడన పూర్తిగా ఆరనిస్తే ఆ పూత మరికొన్నేళ్ళు మన్నుతుంది.