నిలువు గని తవ్వకం.. ముందు తెలియాల్సింది నీటి జాడ

కొత్తగూడెం: భూగర్భంలోని బొగ్గును చేరుకునేందుకు రెండు మార్గాలున్నాయి. ఏటవాలుగా దిగేది ఇంక్లైన్. బావిలా నిలువుగా దిగేది షాఫ్ట్. గోదావరిఖని 11వ ఇంక్లైన్ వంటి పేర్లతో సింగరేణి ప్రాంతంలో మొదటిది అందరికీ సుపరిచితం. బొగ్గు పొర 300 మీటర్ల లోతున ఉంటే, 5 మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగే ఇంక్లైన్‌ను సుమారు 1,500 మీటర్ల మేర తవ్వాలి. షాఫ్ట్‌కు 300 మీటర్లు చాలు. అయితే మీటరుకయ్యే వ్యయం షాఫ్ట్‌కే అధికం.

తవ్వకం ఇలా..
బావి అడుగున రంధ్రాలు వేసి పేలుడు పదార్థం నింపుతారు. కార్మికులు పైకి వచ్చాక పేలుస్తారు. గాలి గొట్టాలతో పొగను తొలగించి, పగిలిన రాయిని పెద్ద బొక్కెనలతో పైకి చేరవేస్తారు. గోడలు కూలకుండా కాంక్రీటు లైనింగ్ వేస్తారు. ఇరుకైన చోట ఒక పని ముగిస్తే గాని మరొకటి మొదలు కాదు. నెలకు 30 మీటర్లు సాగినా 300 మీటర్లకు 10 నెలలు పడుతుంది. దిగువన అప్పటికే గని మార్గం ఉంటే, పైనుంచి చిన్న బోరు వేసి, కింద అమర్చిన కట్టర్‌ను పైకి లాగుతూ వెడల్పు చేసే రైజ్ బోరింగ్ పద్ధతి వీలవుతుంది.

ఖర్చు ఎక్కడ?
వ్యాసం 5 నుంచి 6 మీటర్లకు పెరిగితే తవ్వాల్సిన రాయి 44 శాతం పెరుగుతుంది. హెడ్‌గేర్, వైండింగ్ ఇంజిన్, పంపుల వ్యయం లోతు తక్కువైనా తప్పదు. అన్నింటికన్నా అంచనాలను తలకిందులు చేసేది నీరు. ఊట ఉన్న పగుళ్లలోకి సిమెంటు ద్రావణాన్ని ఎక్కిస్తారు. తడి ఇసుక నేలల్లో చుట్టూ బోర్లు వేసి, అతిశీతల ఉప్పు ద్రావణాన్ని ప్రవహింపజేసి నేలను గడ్డకట్టిస్తారు. జర్మనీకి చెందిన పొయెట్ష్ 1883లో పేటెంట్ పొందిన ఈ పద్ధతి అత్యంత ఖరీదైనది. అందుకే షాఫ్ట్ స్థలంలో ముందుగా పరీక్ష బోరు వేసి రాతి పొరలను, నీటి మట్టాలను గుర్తించడం కీలకం. ఇక్కడ పొదుపు చేస్తే పని మధ్యలో ఆగిపోయి, పంపులకు, కూలీలకు నెలల తరబడి చెల్లించాల్సి వస్తుంది.

ప్రాణాలకూ రక్షణ
పనిచేసే భూగర్భ గనికి కనీసం రెండు వేర్వేరు మార్గాలు ఉండాలన్నది భద్రతా నిబంధన. తొలి షాఫ్ట్ తవ్వుతున్నంత కాలం అడుగున ఉన్నవారికి మాత్రం పైకి వచ్చే దారి ఆ బావి ఒక్కటే. లైనింగ్‌కు, పంపులకు వెచ్చించే ప్రతి రూపాయీ వారి ప్రాణాలకు భరోసా.