కొత్తది కొనే ముందు ఉన్నదాన్ని ఎరుగుదాం

మొన్న సంక్రాంతి సెలవులకు హాస్టలు నుంచి ఇంటికి వచ్చిన మా పెద్దబ్బాయి, ఇషా నమాజు తర్వాత ఒక కాగితం తెచ్చి మా ముందుంచాడు. ఒక కంప్యూటరు దుకాణం వారు రాసి ఇచ్చిన అంచనా అది. కొత్త ప్రాసెసరు, కొత్త మదర్‌బోర్డు, కొత్త మెమరీ మూడూ కలిపి యాభై వేల రూపాయలు దాటాయి. "అబ్బా, ఆరేళ్ళ నాటి పీసీ అది. ఆటలు ఆగి ఆగి నడుస్తున్నాయి. ఈ మూడూ మార్చక తప్పదంటున్నారు" అన్నాడు. చెల్లెలి కళాశాల రెండో విడత రుసుముకని మేము పక్కన పెట్టిన సొమ్ము కూడా ఇంచుమించు అంతే. ఆ సంగతి అతనికీ తెలుసు. అందుకే కాగితం ఇచ్చి తల దించుకున్నాడు.

ఇటువంటి కాగితం నేడు మన ఇళ్ళలో చాలా వాటికి వస్తున్నది. కాదని కసిరితే పిల్లవాడు మరొకసారి మనసు విప్పి అడగడు. అడిగిందే తడవుగా ఇచ్చేస్తే ఖర్చుకు హద్దు ఉంటుందని ఎన్నటికీ నేర్వడు. దుబారాకూ పిసినారితనానికీ నడుమ ఇస్లాం మనకు మధ్యేమార్గం చూపింది. అయితే ఏది అవసరమో, ఏది దుబారాయో తేల్చాలంటే ఆ వస్తువును గురించి కొంత తెలిసి ఉండాలి. అందుకని మేము అబ్బాయితో కలిసి కూర్చుని తెలుసుకున్న విషయాలను పాఠకుల ముందుంచుతున్నాం.

మూడింటి మధ్య బంధుత్వం

కంప్యూటరులో లెక్కలన్నీ చేసేది ప్రాసెసరు. ఆ లెక్కలకు అప్పటికప్పుడు కావలసిన సమాచారాన్ని చేతికందేటట్లు ఉంచేది మెమరీ. ఈ రెంటినీ, గ్రాఫిక్స్ కార్డునూ, మిగిలిన భాగాలనూ కలిపి ఉంచేది మదర్‌బోర్డు. ప్రాసెసరు కూర్చునే గూడును సాకెట్ అంటారు. సాకెట్ మారితే పాత బోర్డు కొత్త ప్రాసెసరుకు పనికిరాదు. బోర్డు మారితే మెమరీ కూడా మారవలసి రావచ్చు. డీడీఆర్4, డీడీఆర్5 మెమరీలు చూపుకు ఒకేలా ఉన్నా, వాటి గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి. ఒకదాని స్థానంలో మరొకటి కూర్చోదు.

ఏఎండీ సంస్థ 2017లో రైజెన్ ప్రాసెసర్లను ఏఎం4 సాకెట్‌పై తెచ్చింది. ఇవి డీడీఆర్4తో పనిచేస్తాయి. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్ డీడీఆర్5ను మాత్రమే స్వీకరిస్తుంది. ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లకు ఎల్‌జీఏ1700 అనే ఒకే సాకెట్ ఉంది. వాటి బోర్డులలో కొన్ని డీడీఆర్4కు, కొన్ని డీడీఆర్5కు చేసినవి. 2024లో ఇంటెల్ తెచ్చిన ఎల్‌జీఏ1851కు డీడీఆర్5 తప్పనిసరి. అంటే కొత్త సాకెట్‌కు మారదలచినవారు చాలా సందర్భాలలో మూడింటికీ కలిపి చెల్లించవలసిందే. మా అబ్బాయి తెచ్చిన అంచనా అంత పెద్దది కావడానికి కారణం ఇదే.

కనుక మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఇంట్లో ఉన్న బోర్డు మీదనే ఇంకా ఎక్కదగిన మెట్టు ఏదైనా మిగిలి ఉందా?

రోగం తెలియకుండా మందు కొనరాదు

మా పీసీ 2020 ఆరంభంలో కొన్నది. రైజెన్ 5 2600 ప్రాసెసరు, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ చొప్పున రెండు డీడీఆర్4 మెమరీ ముక్కలు, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు అందులో ఉన్నాయి. ఆట తడబడుతోందంటే దోషం ప్రాసెసరుదే కానక్కరలేదు. దానిని తేల్చడానికి ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. ఆట అమరికలలో రిజల్యూషన్‌ను బాగా తగ్గించి, సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూడాలి. ఫ్రేములు గణనీయంగా పెరిగితే అంతవరకు వెనక్కు లాగుతున్నది గ్రాఫిక్స్ కార్డు. ఏమాత్రం పెరగకపోతే ప్రాసెసరు గానీ మెమరీ గానీ కారణం.

మేము రెండు ఆటలతో ఈ పరీక్ష చేశాం. విశాలమైన దృశ్యాలున్న కథాప్రధానమైన ఆటలో ఫ్రేములు పెరిగాయి. ఆ ఆట కోసం ఎంత ఖరీదైన ప్రాసెసరు కొన్నా ఫలితం స్వల్పమే. మిత్రులతో జట్టుగా ఆడే ఆటలో మాత్రం ఫ్రేములు కదలలేదు. అబ్బాయి తరచుగా ఆడేది అదే. కాబట్టి అతని ఫిర్యాదు నిజమైనదే.

ఆ తర్వాత టాస్క్ మేనేజరులో మెమరీ వివరాలు తెరచి చూశాం. మెమరీ ముక్కలపై 3200 అని ముద్రించి ఉంది. తెరపై కనిపించింది మాత్రం 2400. పెట్టె మూత విప్పి చూస్తే రెండు ముక్కలూ పక్కపక్క గళ్ళలో ఉన్నాయి. బోర్డుతో వచ్చిన పుస్తకం వాటిని ప్రాసెసరు వైపు నుంచి రెండవ, నాలుగవ గళ్ళలో పెట్టమంటున్నది. అలా పెడితేనే రెండు దారులలో ఒకేసారి సమాచారం నడుస్తుంది. పక్కపక్కన పెడితే రెండూ ఒకే దారిని పంచుకుంటాయి. ఆనాడు బిగించిన దుకాణం వారు ఆ సంగతి చూసుకోలేదు, ఆరేళ్ళుగా మేమూ చూసుకోలేదు.

ముక్కలను సరైన గళ్ళలోకి మార్చాం. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే అమరికను ఆన్ చేశాం. దానిని ఆన్ చేయనిదే మెమరీ తనపై రాసి ఉన్న వేగంతో నడవదు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండానే ఆటలోని తడబాటు స్పష్టంగా తగ్గింది. అబ్బాయి ఆశ్చర్యపోయాడు. మాకు మాత్రం కొంత సిగ్గనిపించింది. అల్లాహ్ ప్రసాదించినదానికి కృతజ్ఞత తెలపడమంటే నోటితో షుక్ర్ పలకడం ఒక్కటే కాదు. ఉన్నదేమిటో తెలుసుకుని, దానిని సరిగా వాడుకోవడం కూడా అందులో భాగమే. డబ్బు పెట్టి కొన్న వేగాన్ని ఆరేళ్ళు వాడుకోకుండా, పీసీ పాతబడిందని అనుకున్నాం.

ప్రాసెసరు: అదే సాకెట్‌పై పై మెట్టు

అయినా కొంత కొరత మిగిలింది. అప్పుడు ఏఎం4 సాకెట్‌లోనే పై మెట్టు చూశాం. 2022లో వచ్చిన రైజెన్ 5 5600లో కూడా 2600లో ఉన్నట్లే ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్నాయి. అంకెలు మాత్రమే చూసేవారికి రెండూ ఒకటే అనిపిస్తాయి. తేడా లోపల ఉంది. పాతదానిలో 16 ఎంబీ క్యాష్ రెండు సగాలుగా చీలి ఉంటుంది. కొత్తదానిలో ఆరు కోర్లూ 32 ఎంబీ క్యాష్‌ను ఉమ్మడిగా వాడుకుంటాయి. పైగా ఒక్కొక్క కోరు చేసే పని కూడా ఎక్కువ. ఆటలకు కోర్ల సంఖ్య కంటే ఇదే ముఖ్యం. రెండింటికీ నిర్ణయించిన విద్యుత్ పరిమితి 65 వాట్లే కాబట్టి పాత పవర్ సప్లైతోనే పని జరిగిపోతుంది.

96 ఎంబీ క్యాష్ ఉన్న రైజెన్ 7 5700ఎక్స్‌3డీ ఆటలలో ఇంకా మెరుగైనదే. అయితే మాకున్న గ్రాఫిక్స్ కార్డు ఆ వేగాన్ని అందుకోలేదు. ఇరుకు సందులో తిప్పడానికి లారీ కొన్నట్లవుతుందని అబ్బాయే ఒప్పుకున్నాడు.

ప్రాసెసరు మార్చే ముందు రెండు జాగ్రత్తలు అవసరం. పాత బోర్డు కొత్త ప్రాసెసరును గుర్తించాలంటే, పాత ప్రాసెసరు ఉండగానే బయోస్‌ను నవీకరించాలి. తయారీదారు ఇచ్చిన జాబితాలో మన బోర్డుకు ఏ బయోస్ సంచిక నుంచి ఆ ప్రాసెసరు పనిచేస్తుందో రాసి ఉంటుంది. నవీకరణ మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్ళీ తెరుచుకోకపోవచ్చు. మన ఊళ్ళలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కనుక ఈ పని యూపీఎస్ మీదనే చేయాలి. రెండవది, ఏఎం4 ప్రాసెసరుకు పిన్నులు దాని అడుగునే ఉంటాయి. కూలరును ఒక్కసారిగా పైకి లాగితే ఎండిన పేస్టు పట్టు వల్ల ప్రాసెసరు కూడా ఊడివచ్చి పిన్నులు వంగుతాయి. పీసీని కొంతసేపు నడిపి, వెచ్చగా ఉండగా ఆపి, ప్లగ్ తీసి, కూలరును మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి.

మెమరీ: అంకెలు చదివే తీరు

డీడీఆర్5 కొంటే వేగం రెట్టింపవుతుందన్న ప్రచారం వింటూ ఉంటాం. మెమరీకి రెండు అంకెలుంటాయి. ఒకటి వేగం, రెండవది స్పందనకు పట్టే చక్రాల లెక్క, దీనిని సీఎల్ అంటారు. సీఎల్‌ను 2000తో గుణించి వేగంతో భాగిస్తే స్పందనకు పట్టే కాలం నానోసెకన్లలో వస్తుంది. డీడీఆర్4 3200, సీఎల్ 16 అయితే 10 నానోసెకన్లు. డీడీఆర్5 6000, సీఎల్ 30 అయితే అదీ 10 నానోసెకన్లే. డీడీఆర్5 ఒకేసారి ఎక్కువ సమాచారాన్ని మోస్తుందన్నది నిజం. స్పందన మాత్రం రెట్టింపు కాదు.

కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల 2025 చివరి నెలల నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. ఇంట్లో ఉన్న మెమరీని నిలుపుకోవడం ఇప్పుడు మరింత తెలివైన పని. ఆటలకు 16 జీబీ నేటికీ చాలావరకు సరిపోతుంది. వీడియో కూర్పు వంటి పనులు కూడా చేసేవారికి 32 జీబీ ఉపయోగం. కొనేవారు ఒకే పెట్టెలో వచ్చే రెండు ముక్కల జతను కొనడం మంచిది. వేర్వేరు చోట్ల కొన్న ముక్కలు కలిసి రాసి ఉన్న వేగంతో నడుస్తాయన్న హామీ లేదు.

మదర్‌బోర్డు మార్చక తప్పనివారికి

కొందరికి ఈ మార్గం ఉండదు. ఇంటెల్ 7వ తరం, అంతకు పూర్వపు ప్రాసెసర్లు ఉన్నవారు ఇందుకు ఉదాహరణ. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 జాబితాలో ఆ ప్రాసెసర్లలో దాదాపు వేటికీ చోటు లేదు. వారికి కొత్త బోర్డు అవసరమే, దుబారా కాదు. ఏఎం5కు 2027 వరకు, ఆపైన కూడా మద్దతు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది కనుక రేపు ప్రాసెసరు ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. ఇంటెల్ 13, 14 తరాల శక్తిమంతమైన ప్రాసెసర్లు తీసుకునేవారు తాజా బయోస్ వేయించుకున్నాకే వాడాలి. వాటిలో తలెత్తిన అస్థిరతకు ఆ సంస్థ 2024లో దిద్దుబాట్లు ఇచ్చింది.

బోర్డు ఎంపికలో రంగు దీపాలకు డబ్బు పోయనక్కరలేదు. ప్రాసెసరుకు విద్యుత్తును అందించే వీఆర్‌ఎం భాగంపై లోహపు కవచం ఉన్నదా, నాలుగు మెమరీ గళ్ళున్నాయా అన్నవి చూడాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతాలలో ఆ కవచం విలువైనది. ఎర్తింగ్ సరిగా లేని గోడ ప్లగ్ ఎంత మంచి బోర్డుకైనా శత్రువే.

చెల్లింపులోనూ అమ్మకంలోనూ ధర్మం

దుకాణాలలో "వడ్డీ లేని వాయిదాలు" అన్న మాట వినిపిస్తుంది. చాలా సందర్భాలలో బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది. అమ్మకందారు అంత మొత్తాన్ని ధరలో తగ్గిస్తాడు. ఆ వడ్డీపై జీఎస్టీ మన ఖాతాలో పడుతుంది. షరతులు పూర్తిగా చదవకుండా, తెలిసిన ఆలిమ్‌ను అడగకుండా సంతకం చేయరాదు. ఆట వస్తువు కోసం రిబా గుమ్మం తొక్కడం కంటే రెండు నెలలు ఆగడం మేలు. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో కొన్నా, ఆన్‌లైనులో కొన్నా, మూత తెరవని పెట్టె, పక్కా బిల్లు అడిగి తీసుకోవాలి.

పాత భాగం అమ్మేవారు దాని లోపాన్ని దాచరాదు. పైన పొడి ధాన్యం, లోపల తడి ధాన్యం ఉన్న రాశిని చూసి దైవప్రవక్త (స) ఆ వర్తకుణ్ణి మందలించిన ఉదంతం మనందరికీ తెలిసినదే. మా పాత ప్రాసెసరులో ఒక మూల పిన్ను కాస్త వంగి, తిరిగి సరిచేయబడింది. కొనడానికి వచ్చిన విద్యార్థికి అబ్బాయి ముందుగా అదే చూపించాడు. అతడు కొంత తగ్గించి అడిగాడు, మా వాడు ఇచ్చాడు. ఆ తగ్గిన సొమ్ముకు మేము బాధపడలేదు.

చివరికి మాకైన ఖర్చు దుకాణం అంచనాలో ఐదో వంతు. చెల్లెలి రుసుము వేళకు కట్టాం. పీసీ విప్పి బిగించిన ఆ రెండు సాయంత్రాలు తండ్రీ కొడుకులు పక్కపక్కన కూర్చున్నారు. మగ్రిబ్ అజాన్ వినపడగానే స్క్రూడ్రైవరు కింద పెట్టి మస్జిదుకు వెళ్ళింది మొదట అబ్బాయే. ఆట ఎంతసేపు, ఎప్పుడు అన్న మాట కూడా అక్కడే, కసురుకోకుండానే తేలిపోయింది.

మన పిల్లలు అంచనా కాగితం తెచ్చిన రోజున ధర చూసి ఉలిక్కిపడకుండా, వారితో కలిసి పెట్టె మూత విప్పి చూద్దాం. ఉన్నదాని విలువ ఎరిగి, లేనిదాన్ని హద్దులో కోరుకునే మనసును అల్లాహ్ మన సంతానానికి, మనకూ ప్రసాదించుగాక! ఆమీన్.