స్కోరు పన్నెండొచ్చింది, అయితే?

1950 నుంచి 1955 దాకా మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఆరోగ్యవరం శానిటోరియం వాళ్లు జనం ముంజేతులకు ట్యూబర్క్యులిన్ సూది వేశారు. రెండు మూడు రోజులాగి, సూది గుచ్చిన చోట చర్మం ఎంత మేర గట్టిపడిందో మిల్లీమీటర్లలో కొలవడం ఈ పరీక్ష పద్ధతి. వాపు పెద్దదైతే క్షయ ఉన్నట్టేనా? కాదు. క్రిమి ఎప్పుడో ఒంట్లో చేరిందని మాత్రమే. అలా చేరినవాళ్లలో ఎక్కువమందికి జబ్బు రానే రాదు. జబ్బు సంగతి తేల్చడానికి ఛాతీ ఎక్స్‌రే, ఆపైన కళ్లె పరీక్ష కావాలి. డాక్టర్ జె. ఫ్రిమోట్-మోలర్ రాసిన ఆ సర్వే ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాయి.

ఫోన్‌లో డిప్రెషన్ పరీక్ష పెట్టుకుంటున్న మన పిల్లలు చాలామంది ఆ సూది దగ్గరే ఆగిపోతున్నారు.

ఆన్‌లైన్‌లో కనిపించే ప్రశ్నావళుల్లో రంగులు చూపి మనసు చెబుతామనే కాలక్షేపాలను పక్కన పెడదాం. నికార్సయినది పీహెచ్‌క్యూ-9. స్పిట్జర్, క్రెంకె, విలియమ్స్ అనే అమెరికన్ పరిశోధకులు ఫైజర్ కంపెనీ డబ్బుతో తయారుచేసి, సుమారు 6,000 మంది ఓపీ రోగుల మీద పరీక్షించి 2001లో ప్రకటించారు. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. పది గానీ ఆపైన గానీ వస్తే డాక్టరు ఆరా తీయాలి. అసలు డిప్రెషన్ ఉన్న వందమందిలో 88 మందిని ఆ పది మార్కుల గీత పట్టుకుంటుంది, లేని వందమందిలో 88 మందిని సరిగ్గానే వదిలేస్తుంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా!

ఇక్కడ కాస్త లెక్క వేయాలి. నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 2.7 శాతం మందికి అప్పటికి డిప్రెషన్ ఉంది. పుంగనూరు సంతలో కనబడిన వెయ్యిమందినీ కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు అడిగామనుకోండి. వాళ్లలో 27 మందికి జబ్బు ఉంటే 24 మంది దొరుకుతారు. మిగిలిన 973 మందిలో నూటికి పన్నెండుగురి చొప్పున 117 మందికి జబ్బు లేకుండానే పది, ఆపైన వస్తుంది. అంటే పది, ఆపైన వచ్చిన 141 మందిలో నిజంగా జబ్బున్నది ఆరింట ఒకరికి. అదే ప్రశ్నావళిని, నిద్రపట్టక, ఏడుపు ఆగక సైకియాట్రిస్టు గది ముందు కూర్చున్నవాళ్లకు ఇస్తే? వాళ్లలో ముప్పై శాతానికి జబ్బు ఉందనుకుంటే, పది, ఆపైన వచ్చిన నలుగురిలో ముగ్గురికి నిజంగానే ఉంటుంది. ప్రశ్నలు అవే, గీతా అదే. మారింది జవాబిచ్చిన మనుషులు. వెబ్‌సైట్‌కు మాత్రం మీరు ఎటువైపు వాళ్లో తెలియదు.

మార్కులు ఎక్కడినుంచి వచ్చాయో కూడా చూడాలి. కోతల రోజుల్లో తెల్లవారకముందే మదనపల్లె మండీకి టమోటా తోలే రైతును అడిగి చూడండి. నిద్ర సరిగా లేదు, మూడు. ఒళ్లంతా అలసట, మూడు. ఆకలి లేదు, రెండు. దేనిమీదా ధ్యాస నిలవడం లేదు, రెండు. పది అయిపోయింది! మొదటి రెండు ప్రశ్నలు, అంటే దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులుగా ఉండడం, వీటికి ఆయన సున్నా పెట్టాడు. ఆ రెండింటిలో కనీసం ఒకటైనా లేనిదే డాక్టర్లు దాన్ని డిప్రెషన్ అనరు. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ మందగించినా ఇలాంటి మార్కులే రావచ్చు. తిరగేసి చూస్తే, దిగులని ఒప్పుకోవడానికి మనసొప్పక గుండెదడ, కాళ్లపీకుల గురించే చెప్పుకునే పెద్దమ్మకు ఆరే వస్తుంది. ఆమెకే వైద్యం అవసరం కావచ్చు.

తొమ్మిదో ప్రశ్న వేరు. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచన వచ్చాయా అని అడుగుతుంది. దానికి ఒక్క మార్కు పడినా మొత్తం ఎంతన్నది చూడక్కర్లేదు. ఆ రాత్రే ఇంట్లో ఒకరికి చెప్పాలి, 14416కు ఫోన్ చేయాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు అది. ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంకో జాగ్రత్త. జవాబులు నొక్కేముందు ఈమెయిలు, ఫోన్ నంబరు అడిగే సైట్లకు దూరంగా ఉండండి. యూజర్ల ఆరోగ్య ప్రశ్నావళి సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి సంస్థలకు చేరవేసిందన్న ఫిర్యాదు మీద, బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కంపెనీని 78 లక్షల డాలర్లు కట్టమని అమెరికా వాణిజ్య కమిషన్ 2023లో ఆదేశించింది.

పది గానీ ఆపైన గానీ వచ్చి, రెండు వారాలకు మళ్లీ చూసినా తగ్గకపోతే, లేదా చదువూ పనీ కుంటుపడుతుంటే, ఆ మార్కుల స్క్రీన్‌షాట్ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. అది వ్యర్థం కాదు. ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులన్నది ఆయనకు పనికొస్తుంది. వైద్యం మొదలయ్యాక ఐదు మార్కులు తగ్గితే గుణం కనిపిస్తున్నట్టే లెక్క. అయితే ఆయన ఫోన్ అడగని సంగతులు అడుగుతారు. ఈ మధ్య ఇంట్లో ఎవరైనా పోయారా? తాగుడు ఉందా? కాన్పయి ఎన్నాళ్లయింది? ఎప్పుడైనా వారం రోజులు నిద్రే అక్కర్లేనంత హుషారుగా తిరిగి, చేతికందిన డబ్బంతా ఖర్చుపెట్టారా? ఈ చివరి ప్రశ్న చాలామందికి వింతగా తోస్తుంది. దానికి అవునంటే అది బైపోలార్ జబ్బు కావచ్చు. అలాంటివాళ్లకు డిప్రెషన్ మాత్రలు మాత్రమే ఇస్తే ఆ హుషారు మళ్లీ అదుపు తప్పే ప్రమాదం ఉంది. పీహెచ్‌క్యూ-9లోని తొమ్మిది ప్రశ్నల్లో దాని ఊసే లేదు.