బండ్లకూ మేకప్ మేన్‌లున్నారు!

హీరోకి మేకప్ మేన్ ఉంటాడు. హీరోయిన్‌కి మేకప్ మేన్‌తో పాటు హెయిర్ డ్రెస్సర్ కూడా ఉంటుంది. ఆఖరికి సెట్టులో నిలబెట్టే అట్ట గోడకి కూడా రంగులద్దే మనిషి ఉంటాడు. మరి రోడ్డు మీద పరిగెత్తే బండికో?

ఉన్నారండీ, ఉన్నారు! ఈమధ్య వాళ్ల పనే ఎక్కువ. కొత్త సినిమా ప్రచార రథం దగ్గర్నుంచి పాల వ్యాను వరకూ, బిస్కట్ల బండి దగ్గర్నుంచి బియ్యం బండి వరకూ ఒంటి నిండా బొమ్మలతో, అక్షరాలతో కళకళలాడుతున్నదంటే అది వాళ్ల చేతి చలవే. వాళ్ల పేరు మాత్రం ఏ టైటిల్ కార్డులోనూ పడదు. అందుకే ఈ వారం వాళ్ల ముచ్చట చెప్పుకుందాం.

ఒక్క రథం... తొమ్మిది వేల బండ్లు

తెలుగునాట బండి మీద బొమ్మ, అక్షరం అనగానే పెద్దవాళ్లకి గుర్తొచ్చేది చైతన్యరథం. 1982 మార్చి 29న ఎన్.టి.రామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. ఒక పాత షెవ్రొలే వ్యానుకి కొత్త రూపమిచ్చి, దాని మీద ఊరూరా తిరిగారు. నడిపింది కుమారుడు హరికృష్ణ. 1983 జనవరి ఎన్నికలనాటికి ఆ బండిని చూడని జిల్లా లేదు. అప్పుడు వినైల్ స్టిక్కర్లూ లేవు, కంప్యూటర్ కటింగూ లేదు. అంతా కుంచె, రంగు డబ్బా, పెయింటర్ ఓపిక.

సరే, అది ఒక్క బండి. తొమ్మిది వేల పైచిలుకు బండ్లకి ఒకే రకం రంగు, ఒకే రకం బొమ్మ, ఒకే అడ్డంలో ఒకే నిలువులో వెయ్యాలంటే?

జోక్ కాదు. సరిగ్గా అలాంటిదే జరిగింది. 2021 జనవరి 21న విజయవాడ బెంజ్ సర్కిల్లో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్‌మోహన్ రెడ్డి జెండా ఊపితే కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి జిల్లాల కోసం 2,500 రేషన్ బండ్లు వరసగా కదిలాయి. ఇంటింటికీ బియ్యం చేర్చే ఆ పథకానికి రాష్ట్రం మొత్తమ్మీద తయారైన బండ్లు 9,260. అందులో 6,413 టాటా ఏస్ బండ్లేనని ఆ కంపెనీ వారే ప్రకటించారు. బెంజ్ సర్కిల్లో ఆ వరసని టీవీలో చూసినవాళ్లు "అబ్బ! సినిమా షాట్ లాగా ఉందే" అనుకున్నారు. నిజమే. కాని సినిమాలో అయితే పది బండ్లని పెట్టి, మిగతావి గ్రాఫిక్స్‌లో చూపించొచ్చు. ఇక్కడ ఆ వేషాలు కుదరవు!

కుంచె పోయె, కత్తి వచ్చె

ఒకప్పుడు ఊరికొక ఆర్టిస్టు ఉండేవాడు. సినిమా హాలు ముందు నిలువెత్తు బ్యానర్లు గీసిందీ ఆయనే, లారీ వెనక నెమలి బొమ్మ వేసిందీ ఆయనే, కిరాణా కొట్టు బోర్డు రాసిందీ ఆయనే. పోస్టర్ల లోకంలో మహా ఘనుడు ఈశ్వర్‌గారు బాపు తీసిన 'సాక్షి' (1967)తో పబ్లిసిటీ డిజైనర్‌గా అడుగుపెట్టారు. అలాంటి మహానుభావుల డిజైన్లని చూసి, గళ్లు గీసుకుని, పదింతలు ఇరవయ్యింతలు పెంచి, ఊళ్లలో గీసిన చేతులు వందలు, వేలు.

తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. దాని వెనకే వినైల్ వచ్చింది. వినైల్ అంటే ఏమిటంటారా? పి.వి.సి. ప్లాస్టిక్‌తో చేసిన పల్చటి పొర. వెనక జిగురు, దాని కింద కాగితం. ముందు వైపు మిషన్‌లో బొమ్మ అచ్చవుతుంది. కాగితం ఒలిచి అతికిస్తే స్టిక్కర్. మనం స్కూలు పుస్తకాలకి అంటించుకున్న హీరో స్టిక్కర్‌కి ఇది పెద్దన్న అన్నమాట.

కుంచె పట్టిన వాళ్లలో కొందరు పని మానేశారు, కొందరు మౌస్ పట్టుకున్నారు, మరికొందరు కత్తి, గీకుడు చెక్క పట్టుకుని బండ్లకి స్టిక్కర్లు అంటించే పనికి మళ్లారు. గీత తెలిసిన చెయ్యి కాబట్టి వాళ్లు కోసిన అంచు మాత్రం వంకర పోదు!

"రేపు పొద్దునకల్లా కావాలన్నా!"

ఇప్పుడు ఒక సీను ఊహించుకోండి. ప్రొద్దుటూరు. బంగారం వ్యాపారంలో రెండో బొంబాయి అని పేరు పడ్డ ఊరు. అక్కడొక స్టిక్కరింగ్ షాపు. ఒక కంపెనీ మేనేజర్ దిగాడు.

"అన్నా, నూరు బండ్లు. పది దినాల్లో అయిపోవాల. పండగకి రోడ్డు మీద ఉండాల."

"పది దినాలా! యాడయితాదన్నా?"

"నువ్వు కాదంటే కర్నూలుకు పోతా. సూసుకో మరి."

షాపాయన ఏం చెయ్యాలి? సరేనంటే నిద్ర పోతుంది, కాదంటే పండగ పోతుంది. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ముందు తల ఊపేసి తర్వాత లెక్క వేస్తారు. తెలివైనవాడు ముందు లెక్క వేస్తాడు. రండి, మనమూ వేద్దాం.

రెండు పక్కలూ వెనక తలుపూ కలిపి బండికి 120 చదరపు అడుగులు అనుకుందాం. నూరు బండ్లకి 12,000. తప్పొప్పులకీ చింపులకీ నూటికి పది కలుపుకుంటే 13,200. మిషన్ గంటకి 150 అడుగులు అచ్చేస్తే 88 గంటలు. రోజుకి పదహారు గంటలు తిప్పితే అయిదున్నర రోజులు. ఇక అంటించడం. ఇద్దరు మనుషుల జత ఒక బండికి మూడు గంటలు తీసుకుంటే రోజుకి మూడు బండ్లు. నాలుగు జతలుంటే పన్నెండు. నూరు బండ్లకి తొమ్మిది రోజులు. అచ్చంతా అయ్యాక అంటిద్దాం అని కూర్చుంటే పదిహేను రోజులు దాటిపోతుంది. పండగ వెళ్లిపోతుంది, మేనేజరూ వెళ్లిపోతాడు!

మరి ఉపాయం? అచ్చు నడుస్తుండగానే అంటించడం మొదలెట్టాలి. మొదటి రోజు అచ్చయింది రెండో రోజు ఆరుతుంది, మూడో రోజు పై పొర వేసి కత్తిరిస్తారు, నాలుగో రోజు బండెక్కుతుంది. అంటించే జతలు నాలుగు కాదు, అయిదు. రోజుకి పదిహేను బండ్లు. నాలుగో రోజు మొదలెడితే పదో రోజు సాయంత్రానికి నూరూ పూర్తి. చూశారా! ఒక్క జత పెంచి, పనిని పక్కపక్కన నడిపిస్తే అసాధ్యం కాస్తా సాధ్యమైంది. ఒకే రోజు రెండు యూనిట్లతో షూటింగ్ చేసే సినిమా వాళ్ల కిటుకే ఇది.

ఇదే లెక్కన 9,260 బండ్లంటే? నూరు జతలు, అంటే రెండొందల మంది, ముప్ఫై ఒక్క రోజులు రోజూ మూడేసి బండ్లు చెయ్యాలి. గుండె గుభేలుమంది కదూ!

తొందరపడితే తోలు ఊడుతుంది

ఈ పనిలో అసలు విలన్ ఎవరో తెలుసా? తొందర! ఎందుకంటే కొన్ని పనులకి తొందర అంటదు.

మిషన్‌లో అచ్చయిన బొమ్మ చేతికి పొడిగానే తగులుతుంది. కాని సిరాలోని ద్రావకం ఇంకా లోపలే ఉంటుంది. ఒక రోజన్నా ఆరబెట్టాలి. చుట్ట చుట్టి మూల పడేస్తే ఆరదు, విప్పి వదులుగా ఉంచాలి. ఆరకుండానే పైన లామినేషన్ వేశారో, ఆ ఆవిరి బయటికి పోలేక జిగురుని మెత్తబరుస్తుంది. అంచులు లేస్తాయి, పొర ముడుచుకుంటుంది. పదో రోజు మెరిసిపోయిన బండి రెండో నెలకి పొలుసులు రాలుస్తుంది.

రెండోది కడుగుడు. కొత్త బండే కదా అని తుడవకుండా అంటిస్తే అంతే సంగతులు. షోరూంలో పూసిన మైనం, చేతి జిడ్డు, దుమ్ము అన్నీ పోవాలి. ముందు సబ్బునీళ్లు, తర్వాత స్పిరిట్ గుడ్డ. తలుపు సందులు, రివెట్ల చుట్టూ మరీ జాగ్రత్త. స్టిక్కర్ ఊడటం మొదలయ్యేది అక్కడే.

మూడోది రంగు. సగం బండ్లు ఒక మిషన్‌లో, సగం ఇంకో మిషన్‌లో అచ్చేస్తే ఒకదాని నీలం ఇంకోదాని నీలానికి అన్నదమ్ముల వరస కూడా కలవదు. విడిగా చూస్తే తెలియదు గాని వరసగా నిలబెడితే అబద్ధం బయటపడుతుంది. అందుకే ఒకే మిషన్, ఒకే రకం రోలు, మొదటి బండి మీద అంటించి సంతకం పెట్టించుకున్న నమూనా ఉండాలి. ఆ నమూనా మీద ఒక్క అక్షరం తప్పున్నా నూరు బండ్ల మీదా తప్పే. "శుద్ధమైన నెయ్యి"లో వత్తు ఎగిరిపోతే ఊరంతా తిరిగి నవ్వులపాలవుతుంది మరి!

నాలుగోది చట్టం. నంబరు ప్లేటు, లైట్లు, రిఫ్లెక్టర్లు మూయకూడదు. అద్దాల మీద నల్ల పొరలు అంటించొద్దని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లోనే చెప్పింది. బండి ఒంటి రంగే మారిపోయేలా చుట్టేస్తే ఆర్.టి.ఓ. ఆఫీసులో కాగితాల్లో కూడా మార్పించాలి.

పెద్దముడియం ఎండ ముందు ఎవరైనా ఒకటే

బండి షాపులో ఉన్నంతసేపే హీరో. అసలు పరీక్ష ఊళ్లో. జమ్మలమడుగు దాటి పెద్దముడియం వైపు వెళ్లండి. కుందూ నది పక్కన నల్లరేగడి నేల, చలికాలమంతా శనగ చేలు. చాళుక్యుల మూల పురుషుడు పుట్టి పెరిగాడని శాసనాల కథ చెప్పే ముడివేము అగ్రహారం ఈ ఊరేనంటారు. అంత చరిత్ర ఉన్న ఊళ్లో ఎండకీ అంతే పేరుంది! వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ, వానాకాలంలో చక్రాలకి పట్టుకుని వదలని నల్లమట్టి. అక్కడ తిరిగే బండి మీద చవక స్టిక్కర్ ఎన్నాళ్లుంటుంది?

వినైల్‌లో రెండు జాతులున్నాయి. రోలర్ల మధ్య సాగదీసి చేసేది ఒకటి. చవక. కాని సాగదీసింది కాబట్టి ఎండ తగిలితే మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది. ద్రవంగా పోసి పొరగా ఆరబెట్టేది రెండోది. ఖరీదెక్కువ, పల్చగా ఉంటుంది, వంపుల్లో చక్కగా ఒదుగుతుంది, ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది. చదునైన తలుపులకి మొదటిది సరిపోతుంది. రివెట్లు, వంపులు ఉన్నచోట రెండోదే వెయ్యాలి. రేటు తగ్గించమని బేరమాడిన మేనేజరుకి ఈ తేడా ముందే కాగితం మీద రాసివ్వాలి. లేకపోతే ఏడాది తిరక్కుండా ఊడిన స్టిక్కర్ పట్టుకుని వచ్చి షాపాయన్నే నిలదీస్తాడు. రాత్రిళ్లు మేలుకుని అంటించిన కుర్రాడి కూలీలోంచి కోత పడేదీ అప్పుడే.

స్టిక్కర్ కోర్టుకెక్కిన కథ

స్టిక్కరే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఆ రేషన్ బండ్లు రోడ్డెక్కిన రోజుల్లోనే పంచాయతీ ఎన్నికలొచ్చాయి. బండ్ల మీది రంగులు అధికార పార్టీ రంగుల్లా ఉన్నాయని, మార్చాలని 2021 ఫిబ్రవరిలో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ ఉత్తర్వులిచ్చారు. ప్రభుత్వం హైకోర్టుకి వెళ్లింది, కోర్టు ఆ ఉత్తర్వుని నిలిపివేసింది. ఒకవేళ మార్చాల్సే వస్తే? వేల బండ్ల స్టిక్కర్లు హీట్ గన్‌తో వేడి చేసి, మెల్లగా ఒలిచి, మిగిలిన జిగురు గోకి, మళ్లీ కొత్తవి! అంటించడం కంటే ఊడదియ్యడమే కష్టమని ఈ పనివాళ్లు చెప్పేది అందుకే.

ఆ తర్వాత ప్రభుత్వం మారింది. 2025 జూన్ 1 నుంచి ఆ బండ్ల పద్ధతి ఆగిపోయి, రేషన్ మళ్లీ దుకాణాలకి చేరింది. బొమ్మలు వెలిసిపోయాయి. వాటిని అంటించిన చేతులు మాత్రం పని కోసం ఇంకో బండి వెతుక్కున్నాయి.

సినిమా ప్రచారంలోనూ అంతేగా! 2024 మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో 'కల్కి 2898 ఏడీ' బుజ్జి కారుని చూపించినప్పుడు జనం ఎగబడ్డారు. ఆరు టన్నుల ఆ బండి ఊళ్లు తిరిగితే సెల్ఫీలకి లెక్క లేదు. పెద్ద సినిమాకి బుజ్జి ఉంది. చిన్న సినిమాకి ఒక అద్దె ఆటో, దాని మీద రాత్రికి రాత్రి అంటించిన స్టిక్కరే బుజ్జి!

కాబట్టి కుర్రకారూ, మీలో ఎవరికైనా గీత వచ్చి, ఈ పనిలోకి దిగాలని సరదా ఉంటే మూడు మాటలు గుర్తుంచుకోండి. సగం డబ్బు ముందు తీసుకోండి. ఆరబెట్టే రోజుని ఎవరు అరిచినా వదులుకోకండి. రాత్రి పని చేసిన వాడికి రాత్రి కూలీ ఇవ్వండి. ఈసారి మీ అభిమాన హీరో బొమ్మతో ఒక బండి మీ వీధిలోకి వస్తే, హీరో మొహం ఎలాగూ చూస్తారు... ఒక్కసారి ఆ బొమ్మ అంచు కూడా చూడండి. ముడత లేకుండా, బుడగ లేకుండా నున్నగా ఉంటే, అక్కడ ఎవరో ఒక మంచి పనివాడు సంతకం పెట్టకుండా పెట్టిన సంతకం ఉన్నట్టే!