పేరు ఒకటే, జబ్బులు వేరు: రొమ్ము క్యాన్సర్ రకాలు, జన్యు పరీక్షలు



వార్డులో మేము తరచు వినే మాట ఒకటి ఉంది. "మా ఊళ్ళో ఒకావిడకీ ఇదే జబ్బండీ. ఆవిడకి సెలైన్లు ఎక్కించారు, జుట్టంతా ఊడిపోయింది. మాకేమో బిళ్ళలిచ్చి పంపేశారు. మాకు సరిగ్గా వైద్యం చేయలేదేమో!" ఇలాగే అనుకొని ఒక తల్లి ఐదేళ్ళు వేసుకోవలసిన బిళ్ళను కొద్ది నెలలకే మానేశారు. తర్వాత నడుము నొప్పితో మా దగ్గరకు వచ్చేసరికి జబ్బు ఎముకలకు పాకింది. ఆ చిన్న బిళ్ళే తనకు అసలైన మందు అని ఆమెకు ఎవరూ విడమరచి చెప్పలేదు. మరో ఇంట్లో అలా జరగకూడదని ఈ విషయం రాస్తున్నాము.

మేత తెలిస్తేనే మందు

మన మండవల్లి, కైకలూరు వైపు చెరువులున్న వారికి తెలుసు. బొచ్చె పైనీటిలో మేస్తుంది, శీలావతి మధ్యనీటిలో మేస్తుంది. ఒకే చెరువు, రెండూ చేపలే, కాని మేత వేరు. రొమ్ములో గడ్డలు కూడా అంతే. చేతికి ఒకేలా తగులుతాయి. కాని కొన్ని ఒంట్లోని ఆడ హార్మోన్ల బలంతో పెరుగుతాయి. కొన్నిటి కణాల మీద హెర్-2 అనే ప్రోటీను మితిమీరి ఉండి వాటిని త్వరగా పెంచుతుంది. కొన్నిటిలో ఈ రెండూ కనబడవు.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ వేల జన్యువులు ఉంటాయి. ఇంట్లో లైట్లన్నీ ఒకేసారి వెలగనట్టే, అవన్నీ ఒకేసారి పని చేయవు. ఏ జన్యువు ఎంత పని చేస్తుందో కొలిచి చూడవచ్చు. 2000లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ పెరూ, ఆయన సహచరులు 42 మంది నుండి తీసిన 65 ముక్కలలో 8 వేలకు పైగా జన్యువులను ఇలా పరీక్షించారు. పైకి ఒకటిగా కనబడిన జబ్బు లోపల వేరు వేరు గుంపులుగా తేలింది. వాటిని ఇప్పుడు ఇలా చెబుతారు.

లూమినల్-ఎ: హార్మోన్ల మీద ఆధారపడి నెమ్మదిగా పెరిగేది. టామోక్సిఫెన్, లెట్రోజోల్ వంటి బిళ్ళలు బాగా పని చేస్తాయి.

లూమినల్-బి: ఇదీ హార్మోన్ రకమే, కాని వేగం ఎక్కువ. చాలామందికి బిళ్ళలతోపాటు కీమో కూడా అవసరమవుతుంది.

హెర్-2 రకం: ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షను దీనికి గురిపెట్టిన మందు. 2014లో బెంగళూరు బయోకాన్ సంస్థ మన దేశంలో తయారైన దానిని విడుదల చేసింది.

బేసల్ రకం: వీటిలో ఎక్కువ భాగం "ట్రిపుల్ నెగటివ్"గా తేలతాయి. హార్మోన్ బిళ్ళలు, హెర్-2 ఇంజెక్షన్లు పని చేయవు. కీమో ముఖ్యమైన ఆయుధం. పాశ్చాత్య దేశాలకంటే మన దేశంలో ఈ రకం ఎక్కువగా కనబడుతోంది.

కీమో పేరు వింటేనే భయపడవద్దు. రొమ్ము క్యాన్సర్‌కు ఎన్నో ఏళ్ళు వాడిన మెథోట్రెక్సేట్ మందు అమెరికాలో యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో తయారైనది. ఆయన 1895లో మన భీమవరంలోనే పుట్టారు.

అందరికీ కావలసిన పరీక్ష, కొందరికే కావలసిన పరీక్ష

సూదితో తీసిన ముక్కను రంగులు వేసి చూసే ఐ.హెచ్.సి. పరీక్ష ప్రతి రొమ్ము క్యాన్సర్ రోగికీ తప్పనిసరి. అందులో ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 అనే మూడు ఫలితాలు ఉంటాయి. హెర్-2 "2+" అని వస్తే సందేహమని అర్థం. అప్పుడు ఫిష్ అనే మరో పరీక్ష చేయించాలి. గడ్డ ఏ రకమో చాలావరకు వీటితోనే అంచనా వేస్తారు.

జన్యు పరీక్ష ఖరీదైనది. ఆంకోటైప్ పరీక్షలో 21 జన్యువులను, మామాప్రింట్‌లో 70 జన్యువులను చూస్తారు. ఇవి ముఖ్యంగా హార్మోన్ పాజిటివ్, హెర్-2 నెగటివ్ అయి, తొలి దశలో ఉన్నవారికే. "బిళ్ళలు చాలునా, కీమో కూడా కావాలా?" అనే ప్రశ్నకు ఇవి సాయపడతాయి. 2018లో వెలువడిన, 10 వేల మందికి పైగా స్త్రీలు పాల్గొన్న టైలరెక్స్ పరిశోధనలో, చంకలోని గ్రంథులకు జబ్బు పాకక, ఆంకోటైప్ స్కోరు 11 నుండి 25 మధ్య ఉన్నవారిలో ఎక్కువమందికి బిళ్ళలు మాత్రమే చాలునని తేలింది. 50 ఏళ్ళు, అంతకు లోపు వారిలో స్కోరు 16, అంతకు పైన ఉంటే కీమో వల్ల కొంత మేలు కనబడింది.

ట్రిపుల్ నెగటివ్, హెర్-2 పాజిటివ్ వారికి కీమో నిర్ణయానికి ఈ పరీక్ష అవసరం లేదు. ఎవరో చేయించుకున్నారని పొలం తాకట్టు పెట్టవద్దు. "ఈ ఫలితం వల్ల నా వైద్యం మారుతుందా?" అని ముందు డాక్టరు గారిని అడగండి.

ఇది గడ్డ గురించిన పరీక్ష. తల్లి నుండి బిడ్డకు జబ్బు వస్తుందా అని రక్తంలో చూసే బి.ఆర్.సి.ఎ. పరీక్ష వేరు.

మీరు చేయవలసినవి

1. ఆపరేషన్‌లో తీసిన గడ్డను ఉత్త డబ్బాలోనో, ఉప్పు నీళ్ళలోనో ల్యాబుకు తీసుకుపోవద్దు. గంటలోపే ఫార్మలిన్‌లో వేయించాలి. ఆలస్యమైతే హార్మోన్ పాజిటివ్ గడ్డ కూడా నెగటివ్‌గా కనబడవచ్చు. అప్పుడు పని చేసే మందు మీకు అందకుండా పోతుంది.

2. ముక్కను భద్రపరిచే మైనపు బ్లాకు ఎక్కడ ఉందో అడిగి ఉంచుకోండి. తర్వాత ఏ పరీక్షకైనా అదే ఆధారం.

3. ఐ.హెచ్.సి. రిపోర్టు జిరాక్సులు తీయించి, ప్రతిసారి వెంట తెచ్చుకోండి.

4. బిళ్ళలు మొదలుపెట్టాక కీళ్ళ నొప్పులు, ఒంట్లో ఆవిర్లు వస్తే మాకు చెప్పండి. మీ అంతట మీరు మానవద్దు.

పొరుగింటి ఆవిడ వైద్యంతో మీ వైద్యాన్ని పోల్చుకోకండి. సందేహం వస్తే మీ రిపోర్టు తీసుకొని మా దగ్గరకు రండి. కూర్చోబెట్టి, చదివి చెబుతాము.

– నర్సింగ్ సూపరింటెండెంట్